మత్స్యన్యాయం

తెలుగు చెప్పుకుని బతికేవాడికి సముద్రపు చేపలతో పనేమిటని మా కాలేజీలో చాలామంది అడుగుతారు. జంతుశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన అయితే, "శార్దూలాలూ మత్తేభాలూ చాలక మీ ఛందస్సుకి మత్స్యాలు కూడా కావలసి వచ్చాయా మాస్టారూ?" అని ఎగతాళి చేస్తాడు. నేను నవ్వి ఊరుకుంటాను. నిజం చెప్పాలంటే చేపలకి మావాళ్లు, అంటే మాటల వ్యాపారం చేసేవాళ్లు, ఏనాటినుంచో ఒక అపకారం చేస్తూ వస్తున్నారు. "మత్స్యన్యాయం" అన్న మాట పుట్టించారు. దండించే రాజు లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడని చెప్పడానికి కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఆ పోలిక ఉంది. అది మొదలు, లోకంలో ఎక్కడ దౌర్జన్యం జరిగినా ఆ పాపం పోయి పోయి చేపల నెత్తిన పడుతోంది.

ఆ మాటలో నిజమెంతో దగ్గరనుంచి చూసే అవకాశం నాకు నాలుగేళ్లుగా కలిగింది. విజయవాడలో మేముండే ఫ్లాటు హాల్లో 6 అడుగుల పొడవూ, 2 అడుగుల వెడల్పూ, 2 అడుగుల ఎత్తూ ఉన్న గాజుతొట్టె ఒకటుంది. అందులో ఉప్పునీళ్లు, ఆ ఉప్పునీళ్లలో ఓ జత ట్రిగ్గర్ చేపలు, వాటితోపాటు మరికొందరు కాపురస్థులు.

ట్రిగ్గర్ అంటే తుపాకి మీట. ఈ చేప వీపు మీది మొదటి ముల్లు నిలబడిందంటే, రెండో ముల్లు వెనకనుంచి గడియ వేసినట్టు అడ్డుపడుతుంది. ఇక మొదటి ముల్లుని ఎంత నొక్కినా వంగదు. రెండోదాన్ని కాస్త వంచితే చాలు, మొదటిది దానంతటదే పడుకుంటుంది. అందుకే ఆ పేరు. రాత్రి పడుకోబోయేముందు రాతి సందులో దూరి, ఈ గడియ బిగించుకుంటే బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. తలుపు గొళ్లెం వీపు మీదనే మోసుకు తిరిగే ప్రాణి అన్నమాట.

ఈ కుటుంబంలో సుమారు 40 జాతులున్నాయి. వాటికి మంచి పేరు లేదు. పీతల డిప్పలూ, ముళ్ల కాయలా ఉండే సముద్రపు ప్రాణుల పెంకులూ పగలగొట్టడానికి తగిన పళ్లున్నాయి వాటికి. ఆ ముళ్లు గుచ్చుకోకుండా కళ్లు నోటికి చాలా దూరంగా, నెత్తి మీదికి అమరి ఉంటాయి. టైటాన్ అనే పెద్ద జాతి గుడ్లకి కాపలా కాస్తున్నప్పుడు ఈతగాళ్లని సైతం తరిమి కరుస్తుంది. ఇదే కుటుంబంలోని ఒక చేపని హవాయి రాష్ట్రం వారు 1985లో తమ రాష్ట్ర మత్స్యంగా ఎంచుకుని, 2006లో శాశ్వతం చేశారు. దాని పేరు హుముహుమునుకునుకుఆపువా. మొదటిసారి విన్నప్పుడు ఏదో కొత్త వృత్తానికి గణవిభజన చెబుతున్నారనుకున్నాను.

ఇలాంటి వంశంలోనుంచి సాధుజీవుల్ని ఏరుకోవడం ఎలాగన్నది నా సమస్య. అంతకంటే ముందు, సముద్రాన్ని విజయవాడకి తేవడం ఎలాగన్నది మరో సమస్య.

గాజుతొట్టెల్లో జలచరాల్ని పెంచి జనానికి చూపడం 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో మొదలైంది. మన మదరాసు మెరీనా ఒడ్డున 1909లో ఒకటి తెరిచారు. బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో వచ్చింది. నేను సముద్రపు చేపల్ని మొదట ప్రాణాలతో చూసింది విశాఖపట్నం బీచ్ రోడ్డు మీది మత్స్యదర్శినిలో. ఈ ఊళ్లకేం, వాకిట్లోనే సముద్రముంది! మనకున్నది కృష్ణమ్మ. ఉప్పునీళ్ల కోసం బందరు దాకా పోవాలి. పోయి తెచ్చినా ఆ తీరపు నీటిలో ఒండ్రు ఎక్కువ, ఉప్పు పాళ్లు కాలాన్నిబట్టి మారుతుంటాయి. కనక సముద్రాన్ని ఇంట్లోనే వండుకోవాలి.

లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. మా తొట్టె నిండా పోస్తే 680 లీటర్లు పడుతుంది, అంటే దాదాపు 24 కిలోల ఉప్పు. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా తమ తమ పాళ్లలో ఉంటాయి. వాటన్నిటితో తయారుచేసిన పొడి విడిగా అమ్ముతారు. ఆ సంచులు మేడ మీదికి వస్తుంటే మా శ్రీమతి, "మన ఇంట్లో ఏడాదికి సరిపడా ఊరగాయలు పెట్టినా ఇంత ఉప్పు పట్టదు కదండీ!" అంది. నీళ్ల బరువే 700 కిలోలు గనక, ముందుగా ఇంజనీరుని పిలిచి, దూలం ఎక్కడుందో చూపించుకుని, ఆ గోడవారనే పెట్టించాను.

తరవాత ఆరు వారాల పాటు తొట్టెలో చేపలు లేవు. పక్క ఫ్లాటువాళ్లు వచ్చి, ఖాళీ నీళ్లకేసి మర్యాదగా చూసి, కాఫీ తాగి వెళ్లేవారు. కాని ఆ నీళ్లు ఖాళీగా లేవు. చేపలు మొప్పలనుంచి అమోనియా వదులుతాయి. అది వాటికే విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తే అప్పటికి గండం గడుస్తుంది. ఈ కంటికి కనబడని పాకీ పనివాళ్లు రాళ్లలో స్థిరపడేదాకా చేపని దింపకూడదు. చుట్టం రాకముందే ఇల్లు సర్దుకోవడం లాంటిదే ఇదీను.

ముందుగా ఓ జత క్లౌన్ చేపలు వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేపలు. ఇవి హేచరీలో పుట్టినవి. వీటిని కేంద్రాల్లో పొదిగించి పెంచే పద్ధతుల్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారే రూపొందించారు. వీటిలో పుట్టినవన్నీ మొదట మగవే. గుంపులో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా శ్రీమతి, "చూశారా మరి!" అని మాత్రం అంది. వీటి తరవాత ఓ నక్కమూతి చేప వచ్చింది. పసుపుపచ్చని ఒళ్లు, నలుపూ తెలుపూ కలిసిన ముఖం. పొద్దస్తమానం రాళ్ల మీది నాచు గీరుకు తింటుంది. వీపు ముళ్లలో విషముంది గనక దాని జోలికి ఎవరూ పోరు, అది ఎవరి జోలికీ పోదు.

ఇక ట్రిగ్గర్ల దగ్గర ఆగిపోయాను. చెన్నై వ్యాపారి ఒకాయన 'క్లౌన్ ట్రిగ్గర్' పిల్లని చూపించి, "చాలా సాధువు సార్" అన్నాడు. నల్లటి ఒళ్లు, పొట్ట మీద రూపాయి బిళ్లలంత తెల్ల చుక్కలు, పసుపు పెదవులు. చూస్తే కళ్లు తిప్పుకోలేం. కాని గుంటూరులో నా పరిచయస్థుడొకడు అలాంటి పిల్లనే తెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి తొట్టెలో అదొక్కటే మిగిలింది. పిల్లప్పుడు బుద్ధిగా ఉండి, పెరిగేకొద్దీ పెత్తనానికి దిగడం దాని జాతి లక్షణం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్నగారు మా ఇంటికి వచ్చారు. వచ్చారనడం కంటే తీసుకువచ్చామనడం న్యాయం. అమ్మ పోయాక పల్లెలో ఆయన ఒక్కరే మిగిలారు. వయసు డెబ్భై ఎనిమిది. కైకలూరు వైపు వరిచేలు చేపల చెరువులుగా మారిన కాలంలో ఆయన కూడా నాలుగెకరాల చెరువు చేశారు. అలాంటి మనిషికి మూడో అంతస్తులో ఏం తోస్తుంది? తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు. హాల్లో లైటు వేస్తారు. హాల్లోనే బల్ల వేసుకుని రాత్రి పన్నెండింటిదాకా చదువుకుని పడుకున్న మా అమ్మాయి ఇంటర్ మీడియట్ నిద్ర కాస్తా చెడుతుంది. అది విసుక్కుంటుంది. ఆయన పైకి ఏమీ అనరు. మూడో రోజుకి సంచి సర్దుకుంటారు. "ఊళ్లో నా ఇల్లు నాకుంది కదరా" అంటారు. ఆ ఇంట్లో వండిపెట్టే దిక్కులేదు, రాత్రివేళ ఒంట్లో బాగోకపోతే పిలిస్తే పలికే మనిషి లేడు. ఆ సంచి రెండుసార్లు గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

ఒకనాడు నేను చేపల బొమ్మలున్న పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. నా గొడవ విని, "చేప గుణం చూడకురా అబ్బాయ్, దాని నోరు చూడు" అన్నారు. "మన చెరువులో బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీటి మేత మేస్తుంది. శీలావతి నడినీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు నోరు కిందికి, అది అడుగునే మేస్తుంది. మూడూ ఒకే చెరువులో ఉన్నా ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. అదే చెరువులో కొరమేను పడిందా, పిల్లలు దక్కవు. కొరమేను చెడ్డదనా? దాని నోరు అలాంటిది."

ఎం.ఏ. చదివి ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ పూట శిష్యరికం తప్పలేదు. పుస్తకంలోని బొమ్మల్ని మళ్లీ మొదటినుంచి, నోళ్లు మాత్రమే చూస్తూ తిరగేశాను. పెంకులు పగలగొట్టే ట్రిగ్గర్ల నోరు ఒక తీరు. అదే కుటుంబంలో కొన్నిటి నోరు కాస్త పైకి తిరిగి ఉంది. అవి రాళ్లు వదిలి నడి సముద్రంలో ఈదుతూ, ప్రవాహంలో కొట్టుకువచ్చే అతి చిన్న జీవుల్ని ఏరుకు తింటాయి. మన దేశపు తీరాల్లో వలల్లో కూడా పడే ఎర్రపళ్ల ట్రిగ్గర్ ఆ రకమే. కాని అది బాగా పెద్దదవుతుంది. దానికంటే చిన్నది, ఇంగ్లీషువారు 'బ్లూత్రోట్' అనే చేప. పోతుకి గొంతు కింద నీలిమచ్చ, రెక్కల అంచున పసుపు గీత. పెంటికి ఆ మచ్చ లేదు. అంటే సాక్షాత్తు నీలకంఠుడూ, పార్వతీ!

ఆ దంపతులు ప్రాణవాయువు నింపిన సంచుల్లో, థర్మోకోల్ పెట్టెలో, పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో తరలివచ్చారు. చొట్టుచొట్టుగా మా తొట్టె నీళ్లని వాళ్ల నీళ్లలో కలిపి అలవాటు చేశాం. దింపబోయేముందు, ఈ విద్య తెలిసినవారు చెప్పిన కిటుకొకటి పాటించాను. లోపలి రాళ్లన్నిటినీ చోట్లు మార్చి పేర్చాను. పాత చేపలకి "ఇది నా రాయి, అది నా సందు" అనే పట్టింపు ఉంటుంది. రాళ్లు మారితే పాతవాళ్లకీ ఇల్లు కొత్తే, కొత్తవాళ్లకీ కొత్తే. అందరూ ఒకేసారి చోటు వెతుక్కుంటారు. పెత్తనం చెయ్యగల చేపని అన్నిటికంటే చివర దింపాలనే నియమం కూడా ఇందుకే. మొదటి రెండు రోజులూ నక్కమూతి ముళ్లు విప్పి బెదిరించింది. మూడోనాటికి ఎవరి దారిన వాళ్లు తిరగసాగారు.

మా శ్రీమతి ఇదంతా చూస్తూ ఏమీ అనలేదు. ఆ ఆదివారం నేను బజారునుంచి వచ్చేసరికి మా హాలు నాకే గుర్తుపట్టరాకుండా ఉంది. టీవీ ఆ గోడనుంచి ఈ గోడకి వచ్చింది. అమ్మాయి బల్ల మా గదిలోకి పోయింది, దానికి తలుపు కూడా దక్కింది. నాన్నగారి మంచం తూర్పు కిటికీ కింద, తొట్టె పక్కన పడింది. నా పడక కుర్చీ ఎక్కడికి పోయిందో సాయంత్రందాకా తెలియలేదు. "ఏమిటిది?" అన్నాను. "రాళ్లు మార్చాను" అంది.

ఇంతమాత్రాన మా ఇంట్లో పోట్లాటలు లేవని కాదు, మా తొట్టెలోనూ లేవని కాదు. ఎంత సాధువైనా ట్రిగ్గర్ ట్రిగ్గరే. చిన్న రొయ్యపిల్లల్ని దానితో కలిపి ఉంచడం వాటిని వడ్డించడమే. మెల్లగా కదిలే సముద్రపు గుర్రాలు దాని ముందు మేతకి నోచుకోవు. పైగా, నీటిగుర్రాలనీ గట్టి పగడాలనీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. వాటిని పట్టడమూ అమ్మడమూ నేరం. మా తొట్టెలోని రాళ్లు మనుషులు చేసినవే. నీలకంఠ దంపతులు మాత్రం హేచరీ బిడ్డలు కారు, సముద్రంలోనుంచి పట్టి తెచ్చినవారు. వాళ్లకి అంత సముద్రాన్ని పోగొట్టి ఇంత గాజుపెట్టె ఇచ్చాం. ఆ బాకీ రోజూ తీర్చుకోవలసిందే.

తీర్చుకోవడమంటే మరేమీ లేదు. ఆవిరైన నీటి మేరకి మంచినీళ్లే పొయ్యాలి, ఎందుకంటే నీరు పోతుంది గాని ఉప్పు పోదు. బెజవాడ ఎండ 45 డిగ్రీలకి చేరినా లోపల 26 దాటకుండా చల్లబరిచే యంత్రం నడవాలి. కరెంటు పోతే బ్యాటరీతో గాలి కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, వేళకి మేత. ప్రవాహంలో రోజంతా ఏరుకు తినే చేపకి పూటకోసారి పెడితే చాలదు, కొద్దికొద్దిగా మూడుసార్లు పెట్టాలి. కడుపు నిండిన ట్రిగ్గర్ పక్కవాడి తోక కొరకదు. కౌటిల్యుడు రాజదండం ఒక్కటే మార్గమన్నాడు. చాలినంత చోటు, ఎవరి నోటికి తగ్గ మేత వారికి, రాత్రికి తలదాచుకోవడానికి ఒక సందు, ఈ మూడూ ఉంటే దండంతో పెద్దగా పని పడదని మా తొట్టె చెబుతోంది.

ఆ మూడుపూటల మేత బాధ్యత ఇప్పుడు నాన్నగారిది. నాలుగింటికి లేచి, లైటు వెయ్యకుండా, కిటికీ దగ్గర కూర్చుని తెల్లవారేదాకా చూస్తారు. వెలుగు రాగానే రాతి సందులో గడియలు తీసుకుని దంపతులిద్దరూ బయటికి వస్తారు. అప్పుడాయన రొయ్యల్ని గోటి ముక్కలంత సన్నగా తరుగుతారు.

మొన్న సంక్రాంతికి నాలుగు రోజులు ఊరు వెళ్లివస్తానంటే పంపించాం. పంపించామే గాని, ఆ పాత ఇంటి గడప తొక్కాక ఇక తిరిగిరారేమోనని మాకు లోపల గుబులుగానే ఉంది. వెళ్లిన రోజు రాత్రే ఫోను చేశారు. మా క్షేమం అడగలేదు. "పార్వతి మధ్యాహ్నం సరిగా తిన్నదా?" అని అడిగారు. ఫోను మా అమ్మాయి తీసింది. "తిన్నది తాతయ్యా. నువ్వు తొందరగా రా, నాకా ముక్కలు సన్నగా రావడం లేదు" అంది.