కొండసైకిలు – జీర్ణోద్ధారణమా, నూతన నిర్మాణమా?

ఉన్నదాన్ని బాగుచేసికోవడమా, మేలైనదాన్ని కొనుక్కోవడమా అన్న సందేహం మధ్యతరగతి గృహస్థును ఇంటికప్పు మొదలుకొని కళ్ళజోడు వరకు జీవితాంతం వెంటాడుతూనే ఉంటుంది. ఈ మధ్య ఆ సందేహం మా ఇంటికి సైకిలు రూపంలో వచ్చింది. ముప్ఫైయేళ్ళకు పైగా 22 అంగుళాల నల్ల సైకిలు మీద బడికి వెళ్ళి వచ్చినవాణ్ణి కనుక ఈ విషయంలో నాకు రవంత అధికారం ఉన్నదని భావించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. తెలుగు పండితుడికి గేర్ల గొడవ ఎందుకని చదువరి మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వినా చివరిదాకా చదవమని మనవి.

ముందుగా పేరు. మౌంటెన్ బైకును నేను ‘కొండసైకిలు’ అంటున్నాను. కొండ అచ్చతెనుగు, సైకిలు ఆంగ్లం. ఈ సమాసం చెల్లునా అని వ్యాకరణవేత్తలు నిలదీయవచ్చు. త్రొక్కేవాడికి చెల్లినప్పుడు నాకూ చెల్లుతుంది.

మా మదనపల్లె కుఱ్ఱకారుకు ఆదివారం తెల్లవారుజామున హార్స్‌లీ కొండకు సైకిళ్ళ మీద పోవడం ఒక వేడుక. 19వ శతాబ్దిలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర పేరు నిలిచిపోయింది గాని, ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. శిఖరం సముద్రమట్టానికి 4,000 అడుగులకు పైమాటే. ఎక్కడం కండల పని. దిగడం బ్రేకుల పని. నా మేనల్లుడి విషయంలో నన్ను కలవరపెట్టినది ఆ రెండవదే.

మా చెల్లెలు రవికెలు కుట్టి కూడబెట్టిన డబ్బుతో, కొడుకు ఇంటరు గట్టెక్కినందుకు 12,000 రూపాయలు పెట్టి ఒక కొండసైకిలు కొనిచ్చింది. ముందు ఊగే ఫోర్కు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, 21 గేర్లు, చట్రం నిండా ఎఱ్ఱని అక్షరాలు. చూడముచ్చటగా ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి వెనుక చక్రానికి ఆట వచ్చింది, గొలుసు పండ్లమీద నిలవక జారుతోంది, బ్రేకు పట్టితే చక్రం ఆగకముందే అరుపు వినిపిస్తోంది. దానితోనే వాడు కొండ మలుపులలో దిగివస్తున్నాడని తెలిసిననాడు నాకు నిద్ర పట్టలేదు.

వాడే ఒక పట్టిక వ్రాసికొని వచ్చాడు. మంచి ఫోర్కుకు 9,000, నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులకు 5,500, క్రొత్త వెనుక చక్రమూ గేర్ల సరంజామా కలిపి 12,500, బిగింపుకూలి 1,000. వెరసి 28,000. ఇవన్నీ పుట్టుకతోనే ఉన్న క్రొత్త సైకిలు వెల 38,000. అటువంటిదే రెండేళ్ళు వాడినది 24,000కు దొరికే అవకాశమున్నది. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు అని సామెత. మావాడు అంకుశాలన్నీ కొని ఏనుగును మఱచినట్లున్నది.

“లెక్క నీకే తెలుస్తోంది గదరా, మఱి ఈ పట్టిక దేనికి?” అన్నాను.

“అమ్మ కొనిచ్చింది మామా. దీన్ని అమ్మేస్తే అమ్మ మనసు కష్టపడదా?” అన్నాడు.

దానికి వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఇద్దరమూ సైకిలును నడిపించుకొంటూ మా వీథి చివరి మిస్త్రీ వద్దకు పోయాము. నా నల్ల సైకిలుకు గోళీలు మార్చిన చెయ్యి అది. ఆయన బండిని తలక్రిందులు చేసి, చక్రం త్రిప్పి, విని, పెడలు కడ్డీలు పట్టుకొని ఊపి చూచి ఇలా అన్నాడు: “అయ్యవారూ, బండికి రెండు రకాల జబ్బులు. అరిగినవి ఒకటి, పుట్టుకతో వచ్చినవి ఒకటి. అరిగినవి నేను చూసుకుంటా. పుట్టుకతో వచ్చింది నా చేతిలో లేదు.” ఆయుర్వేదంలోని సాధ్యాసాధ్య విచారం గుర్తుకు వచ్చింది.

పుట్టుకతో వచ్చినవి ఏవో ఆయన విప్పి చూపాడు. వెనుక చక్రపు ఇరుసును బయటికి తీసి గాజుపలక మీద దొర్లించాడు. అది సాఫీగా దొర్లక ఎగిరెగిరి పడింది, వంగిపోయింది. కారణం వినండి. చవక సైకిళ్ళలో పండ్లచక్రాల గుత్తి మొత్తం ఫ్రీవీలు రూపంలో హబ్బుకు మరవేసి బిగించబడి ఉంటుంది. ఏడు పండ్లచక్రాలకు చోటివ్వడం కోసం కుడివైపు గోళీలు ఇరుసు చివరకు చాలా దూరంగా, లోపలికి జరిగి ఉంటాయి. ఆధారం లేని ఆ పొడుగుమీద గతుకు గతుకుకూ బరువు పడి ఇరుసు వంగుతుంది. మేలిరకంలో గోళీలు పండ్లచక్రాల లోపలి భాగంలోనే, ఇరుసు చివరకు చేరువగా ఉంటాయి. జపానుకు చెందిన షిమానో సంస్థ 1978లో బజారుకు తెచ్చిన ఫ్రీహబ్బు ఏర్పాటు ఇదే. మొదటిదాన్ని రెండవదానిగా మార్చాలంటే హబ్బునే మార్చాలి. హబ్బు మార్చాలంటే చువ్వలు విప్పి చక్రమంతా మళ్ళీ అల్లాలి. ఒక తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే.

ఫోర్కు సంగతీ అంతే. చవక ఫోర్కులో ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కితే దిగుతుంది, వదిలితే ఎగురుతుంది. ఆ ఎగురుడును అదుపుచేసే నూనెగది సాధారణంగా ఉండదు. బరువు చూస్తే రెండున్నర కిలోలకు తగ్గదు. అయితే దాన్ని తీసి మంచిది పెడదామంటే మెడగొట్టం ఒప్పుకోవాలి. మావాడి సైకిలు మెడగొట్టం పైనా క్రిందా ఒకే వ్యాసం. నేటి మేలిరకపు ఫోర్కుల కాండం చాలావరకు క్రింద లావు, పైన సన్నం. ఎక్కడో వెదకి సరిపడేది తెచ్చినా, అది పాతదానికన్నా పొడుగైతే ముందుభాగం పైకి లేచి, మెడ వాలు మారి, త్రిప్పుడు మందగిస్తుంది. చట్రపు మెడ దగ్గరి అతుకులమీద భారం పెరుగుతుంది. బలహీనమైన చట్రానికి బలమైన ఫోర్కు తగిలించడం గుడిసె గుంజలమీద మిద్దె కట్టడం వంటిది.

ఇక అరిగినవి. ఇక్కడ మిస్త్రీకన్నా ముందు నా బడి స్కేలు పనికివచ్చింది. సైకిలు గొలుసులో ఒక పిన్ను నుండి తరువాతి పిన్నుకు సరిగ్గా అరంగుళం. కనుక 24 కణుపులు కలిస్తే 12 అంగుళాలు కావాలి. అంగుళంలో పదహారవ వంతు సాగితే గొలుసు మార్చాలి. ఎనిమిదవ వంతు సాగిందంటే పండ్లు కూడా అరిగిపోయాయన్నమాట. గొలుసొక్కటే మారిస్తే క్రొత్త గొలుసు పాత పండ్లమీద జారుతుంది. మావాడిది ఎనిమిదవ వంతు దాటింది. వాడు ‘గేర్లు పనికిరానివి’ అనుకొన్నది ఈ అరుగుదలనే.

బ్రేకులకూ అదే న్యాయం. తీగతో లాగే డిస్కు బ్రేకును నిందించేముందు దాని బిళ్ళలు అరిగాయేమో, తొడుగులో తీగ త్రుప్పుపట్టి బిగుసుకొందేమో, గొలుసుకు వేసిన నూనె డిస్కుమీద పడిందేమో చూడాలి. మూడూ ఉన్నాయి. క్రొత్త బిళ్ళలు, క్రొత్త తీగలు, తుడిచిన డిస్కులు – అంతటితో చక్రం ఆగవలసిన చోట ఆగింది.

టైర్లను గుఱించి ఒక మాట. చవక సైకిలుకు తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేవి ఇవే. నేలను తాకే భాగం ఆ రెండు అరచేతులంత జాగా మాత్రమే. గట్టి రబ్బరుతో చేసిన అరిగిన టైర్లు మార్చి, తారురోడ్డుకు కొంచెం ఎక్కువగా, మట్టిదారికి కొంచెం తక్కువగా గాలి పెట్టుకొంటే బండి నడకే మారుతుంది. మావాడి బక్క శరీరానికి, రెండంగుళాల పైచిలుకు టైరుకు, మట్టిమీద 30 పి.ఎస్.ఐ. చుట్టుప్రక్కల సరిపోయింది. అంతకుముందు రాయిలా 60 కొట్టించి, ఫోర్కు ఊగడంలేదని వాపోయేవాడు. ఇక సీటు ఎత్తు సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి.

అసలీ కొండసైకిలు పుట్టుకే బాగుచేసికోవడంలోనుండి వచ్చినదని చెబితే మావాడు ఆశ్చర్యపోయాడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మెరీన్ కౌంటీలో, టామల్‌పాయిస్ కొండ ప్రాంతాన, 1970లలో కొందరు యువకులు 1930, 40ల నాటి ష్విన్ కంపెనీ లావుటైర్ల సైకిళ్ళను పాతసామాన్ల దుకాణాలలో ఏరితెచ్చి కొండదారులలో దించేవారు. 1976 అక్టోబరులో మొదలైన వారి పందానికి ‘రీప్యాక్’ అని పేరు. పెడలు వెనుకకు త్రొక్కితే పట్టే ఆ కాలపు బ్రేకు, దిగేసరికి కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది, అదే పేరైంది. వారు గేర్లు తగిలించారు, బ్రేకులు మార్చారు. చివరికి పాత చట్రాల బరువూ బలహీనతా అడ్డువచ్చాయి. 1977లో జో బ్రీజ్ కొండదారికోసమే క్రొత్త చట్రం నిర్మించాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన చట్రాలతో కొండసైకిళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్‌డ్ సంస్థ స్టంప్‌జంపర్ పేరుతో పెద్దసంఖ్యలో తయారుచేయించింది. బాగుచేయడంలో మహానిపుణులైనవారు కూడా చట్రం వద్దకు వచ్చేసరికి ఆగి, క్రొత్తదానికి కొలతలు తీశారు.

ఇది నాకు పరిచితమైన విషయమే. బడిలో పిల్లలు పద్యాలు వ్రాసి తెచ్చేవారు. యతి తప్పితే ఒక పదం మార్చేవాణ్ణి. మాట పొసగకపోతే పర్యాయపదం చెప్పేవాణ్ణి. ఒక్కొక్కప్పుడు పైన ‘ఆటవెలది’ అని వ్రాసి, ప్రతి పాదంలోనూ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు పేర్చుకొని వచ్చేవారు. అది తేటగీతి. దాన్ని ఆటవెలదిగా దిద్దబోతే నాలుగు పాదాలూ చెడతాయి. పైనున్న పేరు కొట్టివేస్తే చక్కని తేటగీతి మిగులుతుంది.

మావాడి సైకిలుకు జరగవలసినదీ అంతే. దాని పేరు కొండసైకిలు, నడక మాత్రం ఊరిసైకిలుది. ఊరిసైకిలుగా చదువుకొంటే అందులో తప్పులేదు.

తల్లి కానుక మాట మిగిలింది. మిళింద ప్రశ్నలలో నాగసేనుడు రాజుతో రథాన్ని గుఱించి వాదిస్తాడు – ఇరుసా రథం, చక్రాలా రథం, కాడియా రథం అని. నేను మా మేనల్లుణ్ణి ఆ ధోరణిలోనే అడిగాను. “నీ పట్టిక ప్రకారం ఫోర్కు పోతుంది, వెనుక చక్రం పోతుంది, బ్రేకులు, గేర్లు పోతాయి. అమ్మ కొనిచ్చినదానిలో ముఖ్యంగా మిగిలేది చట్రం. కొండకు తగనిది సరిగ్గా ఆ చట్రమే. అమ్మ ఇచ్చినవి పారవేసి, అపాయమున్నదాన్ని మాత్రం అట్టిపెట్టుకొంటావా?” వాడు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మా చెల్లెలి దగ్గర నేనే ప్రస్తావన తెచ్చాను. ఆమె మిషను ఆపకుండానే, “వాడు దెబ్బ తగలకుండా ఇంటికొస్తే చాలన్నా, అది ఏ సైకిలైతే ఏమి?” అన్నది. మే మిద్దరమూ వారం రోజులు మోసిన బరువు ఆమె ఒక్క మాటతో దించివేసింది.

బిళ్ళలు, తీగలు 700. ఇరుసు, గోళీలు 400. గొలుసు, అదే రకం ఫ్రీవీలు 900. టైర్ల జత 1,400. మొత్తం 3,400 రూపాయలతో పాత సైకిలు ఆరోగ్యవంతమైంది. కొండ మాత్రం మానిపించాను. వాడు పదకొండు నెలలు సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించినది కొంత, నా పెన్షనులోనుండి కొంత కలిపి వాడిన కొండసైకిలు ఒకటి 24,000కు తెచ్చాము. కొనేముందు మిస్త్రీని వెంటబెట్టుకొని వెళ్ళి, మెడ దగ్గరా పెడలు ఇరుసు దగ్గరా అతుకులలో నెఱ్ఱెలున్నాయేమో, ఫోర్కు గొట్టాలమీద గీతలున్నాయేమో, చక్రాలు ఆట లేకుండా తిరుగుతున్నాయో లేదో చూపించాము. పాతదానికి వెనుక క్యారియరు బిగించాము. ఊళ్ళో వాడు త్రొక్కేది ఇప్పటికీ అదే. తల్లి కుట్టిన రవికెలు ఇళ్ళకు చేర్చేదీ అదే.

ఇటువంటి చిక్కులో ఉన్నవారికి నేను చెప్పదగినవి మూడు ప్రశ్నలు. చెడినది అరిగిపోయినదా, పుట్టుకలోపమా? మార్చబోయే వస్తువు రేపు మంచి సైకిలు కొన్నప్పుడు దానికి పనికివస్తుందా? పెడళ్ళు, సీటు, దీపం, గాలిపంపు వంటివి వెంట వస్తాయి. పాతకొలతల ఫోర్కులు, చక్రాలు సామాన్యంగా రావు. చివరిది, మార్పుల ఖర్చంతా కలిపితే వాడిన మంచి సైకిలు వెలకు ఎంత దూరంలో ఉన్నది? శిరస్త్రాణం మాత్రం ఈ లెక్కలోనిది కాదు. అది ఏ సైకిలుకైనా ముందే కొనవలసినది.

‘కొండసైకిలు’కు ఇంతకన్నా మంచి మాట తోచినవారు దయచేసి తెలుపగలరు. వ్యాకరణదోషం లేనిదైతే మఱింత సంతోషం.