టైటిల్సులో లేని పేర్లు

సినిమా పిచ్చివాళ్ళ కబుర్లంటే మన విమర్శకులకు చిన్నచూపు వుంది. ఏ వేషం ఎవరు వొదులుకున్నారు, ఏ దృశ్యం ఎక్కడ తీశారు, ఏ బహుమతి ఎవరికి తప్పి ఎవరికి దక్కింది - ఇదంతా పనీపాటా లేనివాళ్ళ కాలక్షేపమనీ, బూర్జువా సినిమా ప్రజలమీద చల్లే మత్తులో ఒక భాగమనీ వారి అభిప్రాయం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతూ తీరిక దొరికినప్పుడల్లా పాత అమెరికన్ సినిమాలు చూసే నాబోటివాడికి, ఆ దేశపు రాజకీయాల గురించి తెలిసినదానిలో సగం ఈ చిల్లర కబుర్ల వల్ల తెలిసిందే. అంచేత వాటి పక్షాన నాలుగు మాటలు చెప్పదలిచాను.

‘రోమన్ హాలిడే’ 1953లో వచ్చింది. రాజభవనం నుంచి ఒక్కరోజు తప్పించుకుపోయిన రాకుమారి కథ. ఇంత ముచ్చటైన కథలో రాజకీయమేముంటుందని ఎవరైనా అనుకుంటారు. దాని కథకు ఆస్కారు బహుమతి ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ అనే రచయిత అందుకున్నాడు. ఆ కథ రాసింది హంటర్ కాదు, డాల్టన్ ట్రంబో. మరి ట్రంబో పేరు టైటిల్సులో ఎందుకు లేదని అడిగిన క్షణంలో అభిమాని తనకు తెలియకుండానే చరిత్రలోకి అడుగుపెడతాడు.

1947 అక్టోబరులో అమెరికన్ కాంగ్రెసువారి ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల’ విచారణ సంఘం హాలీవుడ్డువాళ్ళను వాషింగ్టన్‌కు పిలిపించింది. నువ్వు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడివా, ఎన్నడైనా అయివున్నావా అన్నది ప్రశ్న. పదిమంది సూటిగా జవాబు చెప్పలేదు. ట్రంబో వారిలో ఒకడు. కాంగ్రెసును ధిక్కరించారని వాళ్ళను జైలుకు పంపారు. అయితే మనవాళ్ళు తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. వాళ్ళకు పని ఇవ్వరాదని ఏ చట్టమూ చెప్పలేదు. ఆ నవంబరులోనే స్టూడియో యజమానులు న్యూయార్కులో వాల్డార్ఫ్ హోటల్లో సమావేశమై, తామే ఆ తీర్మానం చేసుకున్నారు. అంతకు రెండేళ్ళముందే, 1945లో, స్టూడియో కార్మికులు సమ్మె చేసి వార్నర్ బ్రదర్స్ గేటు ముందు దెబ్బలు తిన్నారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని, యజమానులకు హఠాత్తుగా ఇంత దేశభక్తి ఎందుకు పుట్టిందో బోధపడదు. ఇంతకంటే బాధాకరమైనది 1952లో జరిగింది. విచారణ సంఘానికి లొంగనివాడి పేరు తెరమీద వెయ్యనక్కర్లేదని రచయితల యూనియనే యజమానులతో ఒప్పందం చేసుకుంది!

అక్కడినుంచి కథ ప్రహసనంలో పడింది. ‘ది బ్రేవ్ వన్’ కథకుగాను 1957లో రాబర్ట్ రిచ్ అనేవాడికి ఆస్కారు ప్రకటించారు. ఆ పేరుగల రచయిత లోకంలో లేడు, అది ట్రంబో మారుపేరు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమా రచనకు బహుమతి ఫ్రెంచి నవలాకారుడు పియేర్ బూల్‌కు వచ్చింది. ఆయన మూలనవల రాసిన మాట నిజమేగాని, ఇంగ్లీషులో రాసే మనిషి కాడు. రాసింది బ్లాక్‌లిస్టులోని కార్ల్ ఫోర్మన్, మైకేల్ విల్సన్. 1984లో అకాడమీ ఈ సంగతి ఒప్పుకునేనాటికి ఇద్దరూ కన్నుమూశారు. ట్రంబో పేరు 1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ సినిమాలతో మళ్ళీ తెరమీదికొచ్చింది. ఆ ఘనత కిర్క్ డగ్లస్‌దా, ఆటో ప్రెమింజర్‌దా అని అభిమానులు ఇప్పటికీ తగువులాడుకుంటారు. 1961లో అధ్యక్షుడు కెనడీ స్వయంగా సినిమాహాలుకు పోయి ‘స్పార్టకస్’ చూశాడు.

ఇవన్నీ గాలికబుర్లనే మా తెలుగుశాఖ మిత్రులను ఒకటడుగుతాను. ‘క్రీడాభిరామం’ వల్లభరాయడిదా, శ్రీనాథుడిదా అని మనం తరాల తరబడి వాదించలేదా? ‘ఆముక్తమాల్యద’ రాయలదా, పెద్దనదా అన్న అనుమానం పుట్టలేదా? అది పరిశోధనా, ఇది పనిలేని ముచ్చటా? ఎవరి శ్రమమీద ఎవరి పేరు పడిందన్నదే రెండుచోట్లా ప్రశ్న.

‘హై నూన్’ (1952) సంగతి మరీ తమాషా. పగబట్టిన దుండగుడు మధ్యాహ్నం రైలుకు వస్తాడు. ఊరివాళ్ళెవరూ తోడు రారు. మార్షలు ఒంటరిగా నిలబడతాడు. ఇది రాసిన ఫోర్మన్‌కు 1951లో సినిమా తయారవుతుండగానే విచారణ సంఘం తాఖీదు వచ్చింది. అతను పేర్లు చెప్పలేదు. ఇంగ్లండుకు వలసపోయాడు. ఆ మార్షలు వేషం వేసిన గారీ కూపర్, 1947లో ఇష్టపూర్వకంగా పోయి సాక్ష్యం చెప్పినవాడు! అయినా ఫోర్మన్‌కు బాహాటంగా అండగా నిలబడ్డాడు. జాన్ వేన్‌కు ఈ సినిమా అంటే వొళ్ళుమంట. దానికి జవాబుగా 1959లో ‘రియో బ్రావో’లో నటించాడు. కాని బిల్ క్లింటన్ దీన్ని వైట్‌హౌసులో పదేపదే వేయించుకుని చూశాడు. 1989లో పోలండులో సాలిడారిటీవారి ఎన్నికల పోస్టరుమీద వున్నది కూడా ఈ కూపర్ బొమ్మే. కమ్యూనిస్టు ముద్రవేసి తరిమిన రచయిత సృష్టించిన పాత్ర, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించడానికి పనికొచ్చింది. ఈ మాట చెబితే మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు. చిట్లించి లాభంలేదు. ఊరు ఎందుకు పిరికిదయిందో సినిమాలో స్పష్టంగానే వుంది. వీధిలో కాల్పులు జరిగితే పెట్టుబడి పెట్టేవాళ్ళు రారని పెద్దమనుషుల భయం. దుండగులున్నప్పుడే వ్యాపారం బాగుండేదని హోటలు గుమాస్తా విచారం. ఆ పెద్దమనుషులను తీసేసి కూపర్‌ను ఒక్కడినే పోస్టరుమీద నిలబెడితే, ఆ బొమ్మ ఎవరికైనా పనికొస్తుంది.

రోనాల్డ్ రీగన్‌ను గురించి మనవాళ్ళు సినిమావాడు దేశాధ్యక్షుడయ్యాడని నవ్వుతారు. అది నవ్వవలసిన విషయం కాదు. నటుల యూనియనుకు అధ్యక్షుడిగా వుంటూనే అతను ఎఫ్‌బీఐకి సమాచారం అందించాడని 1985లో బయటపడింది. రాజకీయాల్లో అతని అసలు తర్ఫీదు అది. నటన కాదు.

ఇక ఈ కబుర్లలో నిజంగా ఇబ్బందిపెట్టేది ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ (1954). మా కాలేజీలో సినిమాలు చూపిద్దామని పిల్లలు జాబితా వేస్తుంటే నేను దీని పేరు చెప్పాను. ఒక విద్యార్థి ఒప్పుకోలేదు. దర్శకుడు ఎలియా కజాన్ 1952లో తన పాత సహచరులు ఎనిమిదిమంది పేర్లు విచారణ సంఘానికి అప్పజెప్పాడు. రచయిత బడ్ షుల్‌బర్గ్ అదే పని చేశాడు. 1999లో కజాన్‌కు గౌరవ ఆస్కారు ఇచ్చినప్పుడు సభలో చాలామంది లేచి నిలబడలేదు, మనమెందుకు చప్పట్లు కొట్టాలి? ఇదీ అతని వాదన. కుర్రవాడు చెప్పిన సంగతులన్నీ నిజమే.

అయినా చూడాలనే నా పట్టుదల. న్యూయార్కు రేవులో యూనియన్ పేరుతో గూండాలు కూలీలను దోచుకున్నది అబద్ధం కాదు. పత్రికలు అంతకుముందే దాన్ని బయటపెట్టాయి. ఆ నిజాన్ని తీసుకుని కజాన్ తన సాక్ష్యానికి గొడుగు పట్టుకున్నాడు. హంతకులమీద సాక్ష్యం చెప్పడమూ, తోటి కళాకారుల అన్నంలో మన్ను పొయ్యడమూ ఒకటేనన్నట్టు చూపాడు. సినిమా చివర మార్లన్ బ్రాండో నెత్తురోడుతూ నడుస్తాడు, కూలీలందరూ అతని వెంట లోపలికి పోతారు. ద్వారం దగ్గర నిలబడి వాళ్ళను పనిలోకి రమ్మంటున్నది ఎవరు? యజమాని! వాళ్ళ వెనక తలుపు కిందికి దిగుతుంది. బ్రాండో నటనకు కళ్ళు చెమరుస్తున్నప్పుడు ఈ తలుపు మనకు కనబడదు. కనబడేట్టు చెయ్యడం విమర్శకుడి పని. సినిమా చూడకుండా ఆ పని చెయ్యడం ఎలా?

బేరమాడి ఒక ఒప్పందానికి వచ్చాం. అదే 1954లో వచ్చిన ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ ముందు చూస్తాం. న్యూ మెక్సికో గనికార్మికుల నిజమైన సమ్మె కథ. కోర్టు మగవాళ్ళ పికెటింగు నిషేధిస్తే ఆడవాళ్ళు వచ్చి నిలబడతారు. దర్శకుడు హెర్బర్ట్ బైబర్మన్ జైలుకుపోయిన పదిమందిలో ఒకడు, రచన మైకేల్ విల్సన్‌ది. నాయిక రొసౌరా రెవుఎల్తాస్‌ను షూటింగు పూర్తికాకుండానే అరెస్టు చేశారు, ఆమె మెక్సికోకు తిరిగిపోవలసివచ్చింది. సినిమా వెయ్యడానికి చాలా హాళ్ళు సాహసించలేదు. నటనలో మొరటుతనం వుంది, కొన్నిచోట్ల ఉపన్యాసధోరణి కూడా వుంది. మర్నాడు ‘వాటర్‌ఫ్రంట్’. చర్చ ప్రారంభించేది అభ్యంతరం చెప్పిన ఆ కుర్రవాడే. నేను పెట్టిన షరతు ఒక్కటే - టైటిల్సు దాటించెయ్యకూడదు.