ఒకే దఫ్తర్, ఎన్నో నక్షాలు

మా ఆపా కూతురు హైదరాబాద్‌లో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్. రిష్తాకి వచ్చినవాళ్లు "లడ్కీ ఏం చేస్తుంది?" అని అడిగితే ఆపా "కంప్యూటర్ ఇంజనీర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆర్కిటెక్ట్ అంటే ఇళ్లు కట్టే పని అనుకుంటారని ఆమె ఫికర్. అలా అనుకున్నా పెద్ద తప్పేమీ లేదు.

"పెద్ద దఫ్తర్ ఎలా నడుస్తుందో నక్షా గీస్తాను మామూ. ఒక్క నక్షా కాదు, ఒక్కొక్కరి నజరియా నుంచి ఒక్కొక్కటి" అని చెప్పిందా పిల్ల. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ రెండు మాటలతోనే దారి దొరికింది.

సొంతిల్లు కట్టుకున్న ఏ ఖాందాన్‌ని అడిగినా ఈ సంగతి చెబుతుంది. అబ్బాకి ఖర్చు ఫికర్. అమ్మీకి బావర్చీఖానాలో వెలుతురు, బైఠక్‌లో కూర్చున్నవాళ్లకు లోపలి గది కనబడకుండా పర్దా, వజూకి నీళ్లు. మేస్త్రీకి పునాది లోతు, ఇనుము లెక్క. కరెంటు పనివాడికి వైరు ఏ గోడలోంచి పోవాలన్నదే ముఖ్యం. ఇల్లు ఒకటే. కానీ ఇవన్నీ ఒకే కాగితం మీద కుక్కితే, ఆ కాగితం ఎవరికీ అర్థం కాదు.

అమెరికాలో ఐబీఎంలో పనిచేసిన జాన్ జాక్‌మన్ 1987లో రాసిన మజ్‌మూన్‌లో సరిగ్గా ఈ ఇంటి మిసాలే తీసుకున్నాడు. కట్టించుకునే మాలిక్ చూసేది ఒకటి, డిజైన్ చేసేవాడు చూసేది ఒకటి, కట్టేవాడు చూసేది ఇంకొకటి. కంప్యూటర్ వ్యవస్థకు కూడా ఆర్కిటెక్చర్ అంటే ఒక్క బొమ్మ కాదు, ఇలాంటి బొమ్మల సముదాయం అన్నాడు. 1992లో జాన్ సోవాతో కలిసి దాన్ని ఆరు సవాళ్లకు విస్తరించాడు: క్యా, కైసే, కహాఁ, కౌన్, కబ్, క్యూఁ. చదివి నవ్వొచ్చింది. విలేకరి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మాకు నేర్పేవి ఈ ఆరే కదా!

2000లో ఐఈఈఈ సంస్థ దీనికి ఒక స్టాండర్డ్ తెచ్చింది. తర్వాత అది ఐఎస్ఓ 42010 అయింది. మన మాటల్లో దాని సారాంశం ఇంతే. ముందు ఈ వ్యవస్థతో ఎవరెవరికి తాల్లుఖ్ ఉందో రాసుకో. ఒక్కొక్కరి ఫికర్ ఏమిటో రాసుకో. ఆ ఫికర్‌కి జవాబు దొరికేలా ఎలా గీయాలో చెప్పే ఖాయిదాయే నజరియా. ఆ ఖాయిదా ప్రకారం గీసినదే నక్షా. ఒక నక్షాకీ ఇంకోదానికీ పొత్తు కుదరకపోతే దాచకు, ఎక్కడ కుదరలేదో రాసిపెట్టు.

ఈ మొదటి మెట్టు దాటేస్తే ఏమవుతుందో నేను పనిచేసిన ఒక పత్రికలో చూశాను. మండలాల్లో స్ట్రింగర్లకు జీతం ఉండదు. అచ్చయిన వార్త ఎన్ని సెంటీమీటర్లుంటే ఆ లెక్కన లైనేజ్ ఇస్తారు. నెలాఖరుకి వాళ్లు తమ వార్తల కటింగులు కాగితాల మీద అతికించి పంపితే హిసాబ్ తేలేది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వార్త ఎక్కడ పుట్టి, డెస్క్‌కి ఎలా చేరి, పేజీలో ఎలా కూర్చుని, ప్రెస్‌కి ఎప్పుడు పోతుందో బాణాలతో అందమైన నక్షా గోడకెక్కింది. ఎడిటర్ ఖుష్, ప్రెస్‌వాళ్లు ఖుష్, అకౌంట్స్‌వాళ్లు ఖుష్.

ఆ నెల స్ట్రింగర్ల లైనేజ్ సగానికి సగం పడిపోయింది. కారణం చిన్నదే. నాలుగు మండలాల వాన కబురును డెస్క్ ఒకే వార్తగా కలిపితే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ఒకే లాగిన్ నుంచి వచ్చిన వార్త. గుడ్డసంచిలో కెమెరా పెట్టుకుని వాగు దాటి వెళ్లినవాడి పేరు ఎక్కడా లేదు. ఎవరూ బేఈమానీ చేయలేదు. నక్షా గీసిన గదిలో స్ట్రింగర్ లేడు, అతని ఫికర్ అడిగినవారు లేరు, అంతే. అందులో ఒకతను ఆ డబ్బుతోనే పిల్లాడి స్కూల్ ఫీజు కట్టేవాడు.

చివరికి డెస్క్‌లో ఒక సీనియర్ పాత ప్రూఫ్ వెనకాల స్ట్రింగర్ వైపు నుంచి బాణాలు గీశాడు: పంపాను, కలిపారు, అచ్చయింది, నా మజూరీ ఏది? రెండు నక్షాలూ పక్కపక్కన పెడితే తెగిన చోటు మేనేజర్‌కి కూడా కనబడింది. సమాచారం ఇచ్చినవారి పేర్లకు ఒక గడి చేరింది, ఒకే వార్తకు ఎన్ని పేర్లయినా పట్టేలా.

ఇప్పుడు మన మస్జిద్ కమిటీలూ, మదర్సాలూ, బైతుల్‌మాల్‌లూ హిసాబ్ కంప్యూటర్‌లోకి మారుస్తున్నాయి. మంచిదే. గీయించేముందు మష్వరా చేయండి. సదర్ సాబ్, ఖజాంచీ ఎలాగూ ఉంటారు. మౌజన్ సాబ్‌కి తన తన్‌ఖా ఏ తేదీన వస్తుందో ఆ నక్షాలో కనబడుతుందా? నెలనెలా రేషన్ తీసుకెళ్లే బేవా, అందరి ముందూ లైన్లో నిలబడకుండా తన వంతు తెలుసుకోగలదా? వాళ్ల నజరియా నుంచి కూడా ఒక కాగితం గీయించండి. దానికయ్యే ఖర్చు ఒక పూట కూర్చోవడమే.