తలుపు మూయవలసిన దెవరికి?

వ్యాజ్యమున నోడినవాడు కోర్టులో నేడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చునని మనవారి సామెత. బ్రిటను దేశపు ఎంప్లాయిమెంటు ట్రిబ్యునళ్లలో పనివాని కీ యేడ్పు చాలవఱకు తప్పినది. అచట వకీలు లేకయే వాదింపవచ్చును. ఓడినవాడు సాధారణముగా గెలిచినవాని ఖర్చు లిచ్చుకొన నక్కఱలేదు. గర్భవతి యైనందున తొలగింపబడిన స్త్రీయు, జీతము ముట్టని కూలివాడును నిర్భయముగా నా గడప యెక్కుట కిదియే కారణము.

ఈ సౌలభ్యమునే ఆయుధముగా జేసికొను పేచీకోరులును కొందఱుందురు. చేరు నుద్దేశమే లేని యుద్యోగములకు దరఖాస్తులు పెట్టి, నిరాకరణము రాగానే పక్షపాతమని దావా తెచ్చి, ఎదుటివాడు విసిగి యిచ్చు రాజీసొమ్మునకై కాచుకొందురు. పెద్ద కంపెనీ దీనిని భరింపగలదు. ఇద్దఱు గుమాస్తాలతో నడచు దుకాణదారునికి నిద్రపట్టదు. తమ వంతు విచారణకై నెలల తరబడి వేచియుండు నిజమైన బాధితుల కంతకంటె నెక్కువ నష్టము. దొంగయేడ్పులు విని విసిగిన చెవి నిజమైన యేడ్పును గూడ శంకించును గదా.

దీనిని మాన్పుటకు డబ్బు అడ్డుపెట్టవచ్చునని కొందఱి వాదము. 2013లో నట్లే చేసి చూచిరి. ఉద్యోగమునుండి అన్యాయముగా తొలగింపబడితినని మొఱపెట్టువాడు విచారణవఱకు పోవలెనన్న మొత్తము 1200 పౌనుల రుసుము చెల్లింపవలసి వచ్చెను. దావాలు సుమారు మూడింట రెండు వంతులు తగ్గినవి. కాని మిగిలిన దావాలలో గెలుపుపాలు పెరుగలేదు. అనగా రుసుము పొల్లును చెఱగలేదు, బీదవానిని చెఱగినది. యూనిసన్ అను కార్మికసంఘము తెచ్చిన వ్యాజ్యమున 2017లో నా దేశపు సుప్రీంకోర్టు ఆ రుసుమును చెల్లదని కొట్టివేసినది.

మాకు నచ్చిన మార్గము 1996 నాటి శాసనము 33వ సెక్షనులో గలదు. ఒకడు అలవాటుగా, పట్టుదలతో, తగిన హేతువు లేక పీడించు దావాలు వేయుచున్నాడని అటార్నీ జనరలు అర్జీ పెట్టుకొనవలెను. అప్పీలు ట్రిబ్యునలు ఆ మనుష్యుని వాదము వినిన పిమ్మటనే యుత్తరు విచ్చును, గెజెటులో ప్రకటింతురు. అటుపై నతడు అనుమతి లేక దావా వేయరాదు. అతని మొఱలో నిజమున్న యెడల అనుమతి దొరకును.

పొలముగట్టు మొదలు చింతకొమ్మవఱకు వ్యాజ్యమాడి, రెండు కుటుంబములను గుల్ల చేయువారిని మన పల్లెలలోను మే మెఱుగుదుము. ఇంగ్లండులో 1896లోనే సాధారణ న్యాయస్థానముల కిట్టి శాసనము పుట్టినది. మద్రాసు రాష్ట్రమున 1949లో వచ్చినది. ఆంధ్రప్రదేశమునుండి పోయిన యొక వ్యాజ్యమున 1965లో మన సుప్రీంకోర్టు దానిని సమర్థించినది.

పలుమా ఱోడినంతమాత్రమున నొకనిని పేచీకోరు అనరాదు. బీదవానికి చట్టము తెలియక పోవచ్చును. హేతువు లేని యలవాటునే చూడవలెను. పదిమంది తిను పంక్తిలో నొకడు అల్లరి చేసినచో వానిని లేపుదుము గాని, అందఱి విస్తళ్లు తీసివేయము. న్యాయపు పంక్తికిని ఇదియే మర్యాద.