ఫ్రాన్సులో పుట్టిన మనుమడికి బి.సి.జి.

ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు ఫ్రాన్సు పల్లెలలో కాపురముండే బిడ్డలు మీకున్నారా? అక్కడ పుట్టిన మనుమడిని నంద్యాలకో ఆళ్ళగడ్డకో తెచ్చినపుడు, దిష్టి తీశాక శిశువు ఎడమ భుజమును ఒకసారి చూడండి. మన ఆసుపత్రులలో పుట్టిన పిల్లలకు అక్కడ సాధారణముగా బి.సి.జి. టీకా మచ్చ ఉంటుంది.

ఫ్రాన్సులో 2007 నుంచి ఆ టీకా అందరికీ తప్పనిసరి కాదు. క్షయ సోకే అవకాశము ఎక్కువగా ఉన్న శిశువులకే సూచిస్తారు. క్షయ అధికముగా ఉన్న మన దేశపు తల్లిదండ్రుల బిడ్డలు ఆ కోవలోని వారే. కనుక ప్రయాణమునకు ముందే అడగమనండి. పల్లెకు వైద్యుడు దూరమైతే, ఆరేళ్ళలోపు పిల్లలను చూచే పి.ఎం.ఐ. అనే ప్రభుత్వ కేంద్రములున్నాయి.

బి.సి.జి. ఊపిరితిత్తుల క్షయను పూర్తిగా ఆపలేదు. కాని పసివారిలో మెదడుపొరలకు సోకే క్షయ నుంచి చాలవరకు కాపాడుతుంది. ఆ వ్యాధి ప్రాణము తీయగలదు. బ్రతికిన బిడ్డకు చూపో, వినికిడో, బుద్ధో దెబ్బతినవచ్చు. అక్కడ వేయకుంటే, ఏడాది నిండేలోపు మన ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా వేయించండి. ‘చలిదేశపు బిడ్డకు ఇపుడీ సూదెందుకు?’ అనే అవ్వలను నేనెరుగుదును! ఆ అవ్వకే రెండు వారాలుగా దగ్గు ఉంటే, బిడ్డను ఎత్తుకొనకముందే తెమడ పరీక్ష చేయించండి.