కప్పు తిరగేస్తే... ఓ ఊరి కథ!

టీ తాగుతాం. కప్పు కడిగి బోర్లిస్తాం. దాని అడుగున ఏముందో ఎవరు చూస్తారు? ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ వాసులు చూస్తారు! హోటల్‌కెళ్లినా, చుట్టాలింటికెళ్లినా కప్పో ప్లేటో తిరగేసి, తమ ఊళ్లో చేసిందేనా అని ముద్ర చదవడం వాళ్లకు అలవాటు. పాత టీసెట్లు సేకరించాలనుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సిందీ అదే.

లండన్ నుంచి రైల్లో గంటన్నర ప్రయాణం. పేరుకి ఒక్క నగరమే కానీ నిజానికి ఆరు ఊళ్లు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్... 1910లో అన్నీ ఒక్కటయ్యాయి. ఆ ప్రాంతాన్ని ఇంగ్లండంతా 'పాటరీస్' అంటుంది. అంటే కుండల సీమ అన్నమాట. తవ్వితే బంకమట్టి, ఇంకాస్త తవ్వితే బొగ్గు. కుమ్మరికి అంతకంటే ఏం కావాలి?

సీసాలాంటి బట్టీలు

ఊళ్లోకి అడుగుపెడితే ఇళ్ల మధ్య పెద్ద ఇటుక సీసాలు నిలబెట్టినట్టు కనిపిస్తాయి. అవే పింగాణీ కాల్చిన బట్టీలు. ఒకప్పుడు రెండువేలకు పైగా ఉండేవి. ఒక్కో బట్టీకి టన్నులకొద్దీ బొగ్గు. పట్టపగలే ఊరంతా చీకట్లు కమ్మేవి. 1956లో గాలి కాలుష్యాన్ని అరికట్టే చట్టం వచ్చింది, గ్యాసు, కరెంటు బట్టీలు వచ్చాయి. పాతవి ఒక్కొక్కటే చల్లారిపోయాయి. 1978లో, ఆ విద్య తెలిసినవాళ్లు ఉండగానే రికార్డు చేసుకోవాలని లాంగ్టన్‌లో చివరిసారిగా ఓ బట్టీ వెలిగించారు. ఇప్పుడు మిగిలినవి 50 లోపే. లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టోన్ మ్యూజియంలో బట్టీ లోపలికి వెళ్లి తల పైకెత్తి చూడొచ్చు.

ఒంటికాలి కుమ్మరి

ఈ ఊరికి పేరు తెచ్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది జోసయ్య వెడ్జ్‌వుడ్ గురించి. 1730లో బర్స్‌లెమ్‌లో కుమ్మరి ఇంట పుట్టాడు. చిన్నతనంలో మశూచి సోకి కుడికాలు దెబ్బతింది. కాలితో తొక్కుతూ సారె తిప్పడం కష్టమైంది. దాంతో అతని ధ్యాస మట్టి మీదికీ, పూతల మీదికీ, నమూనాల మీదికీ మళ్లింది. 1765లో షార్లెట్ రాణి టీసెట్‌కు ఆర్డరిచ్చింది. ఆ మీగడరంగు సామానుకు 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టి అమ్మాడు. రాణిగారి కప్పులాంటిది తమ ఇంట్లోనూ ఉండాలని జనం ఎగబడ్డారు! 1768లో ఆ కాలు తీసేయాల్సి వచ్చినా పని ఆగలేదు.

1784లో ఇంగ్లండ్ ప్రభుత్వం టీ మీద పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించింది. టీ సామాన్యుల ఇళ్లకు చేరింది, కప్పులకు గిరాకీ పెరిగింది. ఆ రోజుల్లోనే స్టోక్‌లో జోసయ్య స్పోడ్ కుటుంబం బోన్ చైనాకు ఓ పద్ధతి ఏర్పరిచింది. ఆ పేరు మనకూ తెలుసు. కానీ అందులో దాదాపు సగం నిజంగానే కాల్చిన పశువుల ఎముకల పొడి అని తెలిస్తే... మన నాయనమ్మలు ఆ కప్పు ముట్టుకునేవారా?!

సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగడం మనకే సొంతం అనుకుంటాం. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లోనూ అలాగే తాగేవారు. చైనా పద్ధతిలో చేసిన తొలి కప్పులకు పిడి ఉండేది కాదు మరి. వెడ్జ్‌వుడ్ సామాను చూడ్డానికి అంతదూరం వెళ్లలేనివాళ్లకు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది.

చూసి ఎంచుకోవాలంటే...

స్టోక్‌లో పాత సామాను దుకాణాలకూ వేలంపాటలకూ కొదవలేదు. కాస్త తెలుసుకుని వెళితే మోసపోకుండా బయటపడొచ్చు.

ముందు కప్పు బోర్లించండి. వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ నమూనా 1842-1883 మధ్య రిజిస్టరైనది. దాని బదులు 'ఆర్‌డి' అక్షరాల పక్కన నంబరుంటే 1884 తర్వాతది. 'ఇంగ్లండ్' అని ఉంటే మామూలుగా 1891 తర్వాతదే. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా అప్పుడు నియమం పెట్టింది. 'మేడిన్ ఇంగ్లండ్' అని ఉంటే 20వ శతాబ్దపు సరుకని లెక్క. వెడ్జ్‌వుడ్ స్పెల్లింగు మధ్యలో మరో 'ఇ' దూరిందా? అది ఆ కంపెనీది కాదు!

తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. బోన్ చైనా అయితే అవతలి వేళ్ల నీడ కనిపిస్తుంది. గోటితో మెల్లగా మీటితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే. ఆరు కప్పులూ సాసర్లూ దొరకడం తేలికే. వాటితో పుట్టిన టీపాట్, పాలజగ్గు, చక్కెరగిన్నె దొరకడమే కష్టం. అన్నిటి మీదా నమూనా నంబరు కలిసిందో లేదో చూసుకోవాలి. పాత పూతల్లో, రంగుల్లో సీసం ఉండొచ్చు. పూత పగిలినవాటిని అల్మరాలో పెట్టి చూసుకోవడమే మేలు. బంగారు అంచున్నవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

చిన్న చుక్క... పెద్ద కథ

కంపెనీ ముద్ర పక్కన ఒక్కోసారి కుంచెతో పెట్టిన చుక్కో, గీతో కనిపిస్తుంది. చాలామంది దాన్ని మరక అనుకుంటారు. అది ఆ కప్పుకు రంగులద్దిన మనిషి గుర్తు. ఎన్ని కప్పులు వేస్తే అంత కూలి. ఆ లెక్క కోసమే ఆ గుర్తు. 19వ శతాబ్దంలో కొన్ని పనులకు మరీ అన్యాయమైన పద్ధతి ఉండేది. బట్టీలోంచి చెక్కుచెదరకుండా వచ్చినవాటికే కూలి! కాల్పులో తేడా వచ్చి పగిలినా నష్టం కార్మికుడిదే. సీసం పూతల్లో చేతులు ముంచినవాళ్లకు ఆ విషం ఎక్కేది. మట్టి దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యేవి. రంగులద్దే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. టన్‌స్టాల్‌లో పుట్టిన క్లారిస్ క్లిఫ్ పదమూడేళ్లకే ఆ పనిలో చేరింది. 1920ల చివర్లో 'బిజార్' పేరుతో ఆమె తెచ్చిన ముదురురంగుల టీసెట్ల కోసం సేకర్తలు ఇప్పటికీ పోటీపడతారు.

ఆ ఊరి చేతిపని ఇప్పుడు కష్టాల్లో ఉంది. చవక దిగుమతులు, పెరిగిన గ్యాసు ఖర్చు... ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. 2009లో వెడ్జ్‌వుడ్ కంపెనీయే కుప్పకూలింది. పింఛను నిధి లోటు 13.4 కోట్ల పౌండ్లు చట్టప్రకారం బార్లాస్టన్‌లోని వెడ్జ్‌వుడ్ మ్యూజియం మెడకు చుట్టుకుంది. వస్తువులన్నీ వేలానికి పోయే పరిస్థితి! 2014లో వాటిని కాపాడటానికి 1.575 కోట్ల పౌండ్లు కావాల్సివచ్చింది. సంస్థలు ఇవ్వగా మిగిలిన 27.4 లక్షల కోసం ప్రజల్ని అడిగితే నెలరోజుల్లో సమకూరాయి. వేలమంది తలా కాస్త వేశారు. ఆ సంపద బార్లాస్టన్‌లోనే ఉండిపోయింది.

మ్యూజియాన్ని జనం కాపాడుకున్నారు. ఇంటింటా అల్మరాల్లో ఉన్నవాటిని కొన్నవాళ్లే కాపాడాలి. అందుకే ఈసారి పాత టీసెట్ కొనేటప్పుడు బంగారు అంచుతోపాటు అడుగున ఆ చిన్న చుక్క ఉందేమో కూడా వెతకండి. ఉంటే మాత్రం పీచుతో గట్టిగా తోమకండి. పేరు రాసుకునే వీల్లేని ఓ కార్మికురాలి సంతకం అది!