నీలం వదిలించే గల్లీ

కోఠిలో బస్సు దిగి గౌలిగూడ వైపు నాలుగడుగులు వేస్తే చాలు. పుత్లీబౌలి వచ్చిందని ముక్కే చెప్పేస్తుంది. పెట్రోలు, గ్రీజు, కాలిన రబ్బరు, పక్క హోటల్లో మరుగుతున్న ఇరానీ చాయ్... అన్నీ కలిసిన వాసన అది. పేరులో బావి ఉంది. బౌలి అంటే దిగుడుబావి, పుత్లీ అంటే బొమ్మ. కానీ ఇక్కడికి వచ్చేవాళ్లెవరూ బావి సంగతి అడగరు. సీటు కవరు ఎక్కడ కుడతారు, పాత కార్బొరేటర్ ఎక్కడ దొరుకుతుంది, సైలెన్సర్ ఎవరు మెరిపిస్తారు... ఇవే ప్రశ్నలు.

చుట్టూ చరిత్రకు కొదవలేదు. కూతవేటు దూరంలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం. తరాల తరబడి కోఠి మహిళా కళాశాలగా నడిచి, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైంది. మరోవైపు గౌలిగూడ. నిజాం కాలం నుంచీ బస్సులకు నీడనిచ్చిన అక్కడి పెద్ద ఇనుప షెడ్డు 2018 జులైలో ఉన్నట్టుండి కుప్పకూలింది. అదే ఏడాది సెప్టెంబరులో ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర మెట్రో రైలు ఆగడం మొదలైంది. ఇన్ని మారినా గల్లీలో మాత్రం రోడ్డు మీదే స్టాండు వేసిన బండ్లు, వాటి పక్కనే పీట వేసుకుని కూర్చున్న మేస్త్రీలు!

ఈ మేస్త్రీల్లో ఒకాయనకు అరవై దాటాయి. అందరూ ఉస్తాద్ అంటారు. పాత బుల్లెట్లు, యెజ్దీలు, ఆర్‌ఎక్స్ 100లు ఆయన చేతికి బాగా అలవాటు. ఇంజిన్ పనితో పాటు ఆయన చేసే ఇంకో పని ఉంది. వేడికి రంగు మారిన సైలెన్సర్ పైపులకు మళ్లీ తెల్లదనం తెప్పించడం. అలాంటి బండి ఏది వచ్చినా ముందు పైపు వైపు చూడడు. బండి తెచ్చిన మనిషి వైపు చూస్తాడు. ఒకే ప్రశ్న...

"అమ్మేదా, ఉంచుకునేదా?"

ఆ రోజు ఆ ప్రశ్న ఎదురైంది నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడికి. పాతికేళ్లుంటాయేమో. అతను తెచ్చింది కుడికాలితో గేరు మార్చే పాత బుల్లెట్. "అమ్ముదామని ఉస్తాద్. మా నాయినది" అన్నాడు. తండ్రి పోయి ఏడాదైంది. బేరం దాదాపు కుదిరింది. కానీ కొనేవాడు వంగి ఇంజిన్ దగ్గరి బెండ్ పైపు చూశాడు. జానెడు మేర నీలం, దాని అంచున ఊదా, ఆపైన తేనె రంగు. ఇంజిన్ బాగా కాగిపోయిందని పదివేలు తగ్గించి అడిగాడు. "రంగు పోగొడితే చాలు. ఇంజిన్ మంచిగనే ఉంది" అని కుర్రాడి మాట.

రంగు కాని రంగు

ఇంతకీ ఆ నీలం ఎక్కడిది? ఎవరూ పూయలేదు, ఏ మురికీ అంటలేదు. నిజానికి అది రంగే కాదు! లోహం వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన సన్నటి పొర కడుతుంది. ఆ పొర మీద కొంత వెలుగు తిరిగి వస్తుంది, పొర దాటి లోపలి లోహం మీద పడి కొంత తిరిగి వస్తుంది. రెండూ కలిసే చోట కొన్ని రంగులు ఆరిపోయి కొన్ని వెలుగుతాయి. వాన నీటి మీద పెట్రోలు చుక్క పడితే ఇంద్రధనుస్సు కనిపించదూ... అదే లెక్క. పొర పలచగా ఉంటే పసుపు, మందమయ్యే కొద్దీ ఊదా, ఆ తర్వాత నీలం.

ఈ విద్య మన కమ్మర్లకు కొత్తేమీ కాదు. కత్తికో ఉలికో పాయనం పెట్టేటప్పుడు వాళ్లు కొలిమి దగ్గర చూసేది ఈ రంగులనే. మామూలు ఉక్కుకు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 చేరేసరికి నీలం కనిపిస్తాయి. థర్మామీటరుతో పనిలేకుండా కంటితోనే వేడిని కొలిచేవారన్నమాట. స్టెయిన్‌లెస్ స్టీలుకూ క్రోమ్ పూతకూ అదే రంగు రావాలంటే అంతకంటే ఎక్కువ వేడి తగలాలి. అందుకే మెరిసే క్రోమ్ పైపు నీలమైందంటే మామూలుగా కాగలేదని అర్థం.

ఎందుకు కాగింది? ఉస్తాద్‌కు కావాల్సింది ఈ జవాబే. కార్బొరేటర్ నుంచి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే పైపు కాగుతుంది. ప్లగ్గులో నిప్పు రావాల్సిన క్షణం కంటే ఆలస్యంగా వచ్చినా అంతే. ఇంజిన్‌లో పూర్తవ్వాల్సిన మంట పైపులోకీ పాకుతుంది. ఇంజిన్‌కూ పైపుకూ మధ్య ప్యాకింగు పోయి బయటి గాలి దూరినా, మిగిలిన పెట్రోలు ఆవిరి పైపులోనే అంటుకుంటుంది. యాక్సిలరేటర్ వదలగానే వెనక నుంచి టప్ టప్‌మని చప్పుడు వచ్చే బండ్ల గుట్టు చాలాసార్లు ఇదే. ఇవేమీ లేకున్నా, ఎర్రలైటు దగ్గరా పెళ్లి ఊరేగింపు వెనకా గాలి తగలకుండా ఇంజిన్‌ను అలా ఆన్‌లోనే ఉంచితే ఒంటిపొర పైపు నీలమవ్వచ్చు. ఆ లెక్కన హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏ పైపు తెల్లగా మిగులుతుంది!

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. నీలం పైపు ఉన్నంత మాత్రాన ఇంజిన్ పోయినట్టు కాదు. పైపు తళతళలాడుతున్నంత మాత్రాన బాగున్నట్టూ కాదు. పాత బండి, టైర్లు అరిగాయి, సీటు చిరిగింది, పైపు మాత్రం అద్దంలా ఉందంటే కాస్త అనుమానించాల్సిందే.

తెల్లబడ్డ ప్లగ్గు

ఉస్తాద్ ముందు ప్లగ్గు విప్పాడు. కుర్రాడి అరచేతిలో పెట్టాడు. దాని ముక్కు సుద్దముక్కలా తెల్లగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో అది లేత గోధుమ రంగులో ఉండాలి. పెట్రోలు ఎక్కువ తాగుతుంటే నల్లగా ఉండాలి. "చూసినవా, దీనికి తిండి సరిపోతలేదు" అన్నాడు ఉస్తాద్. తర్వాత బెండ్ పైపు మొదలు చూపించాడు. ఇంజిన్‌ను ఆనుకునే చోట చుట్టూ నల్లటి మసి గీత. అక్కడి నుంచి పొగ బయటికి తంతోందన్నమాట. పైపు మీద నీలానికి కారణాలు ఒకటి కాదు, రెండు.

"ఇదంతా నాకెందుకు? అమ్మేసేదే కదా" అన్నాడు కుర్రాడు.

ఉస్తాద్ వాదించలేదు. తాను రుద్ది తెల్లగా చేస్తే అరగంట పని, డబ్బులూ తక్కువేనని చెప్పాడు. కొన్నవాడు నాలుగు వారాలు తిరిగితే మళ్లీ నీలం తిరిగి వస్తుందనీ చెప్పాడు. "అప్పుడు వాడు నిన్ను తిట్టడు. మీ నాయిన బండిని తిడతడు" అని చాయ్ తాగడానికి లేచాడు. చాయ్ అయ్యేసరికి కుర్రాడు కార్బొరేటర్ విప్పమన్నాడు.

ఇంజిన్ పని గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. జెట్‌లో పేరుకున్న చెత్త ఊడ్చారు, పాయింటు గ్యాప్ సరిచేశారు, కొత్త ప్యాకింగు వేసి స్క్రూ తిప్పుతూ చెవితో విని ఆపారు. చూడాల్సింది విప్పి పక్కన పెట్టిన పైపు పని.

మొదటి నియమం... పైపు పూర్తిగా చల్లారాలి. వేడి పైపు మీద నీళ్లు పోస్తే మరకలు తప్ప మిగిలేదేమీ ఉండదు. చెయ్యీ కాలుతుంది. (పిక్క మీద సైలెన్సర్ మచ్చ లేని పిల్లలు బండి ఉన్న ఇళ్లలో తక్కువే కదా!) చల్లారాక సబ్బు నీళ్లతో కడిగి, నూనె జిడ్డు లేకుండా తుడిచి ఆరబెట్టారు. తర్వాత మెత్తటి నూలు గుడ్డకు క్రోమ్ పాలిష్ అద్ది, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రుద్దుడు. అంట్లు తోమే ఇనుప పీచు ఇక్కడ నిషేధం. గీతలు పడ్డాయంటే ఆ గీతల్లోంచే తుప్పు మొదలవుతుంది.

ముందు తేనె రంగు వదిలింది. కాసేపటికి ఊదా పలచబడింది. నీలం మాత్రం మొండికేసింది. రుద్దిన గుడ్డ నల్లబడటం, మార్చడం, మళ్లీ రుద్దడం. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు అల్యూమినియం రేకును ఉండచుట్టి కూల్‌డ్రింకులో ముంచి రుద్దుతుంటారు. అందులో కిటుకు లేకపోలేదు. కోలాలో కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన. చిన్న తుప్పు చుక్కలకు పనికొస్తుంది, ముదిరిన నీలానికి అంతగా కాదు. రుద్దాక ఆ తీపి జిగురు కడగడం మరిచిపోతే కొత్త మరకలు బోనస్!

వానాకాలంలో ఇంకో రకం గిరాకీ. రెయిన్‌కోటు అంచు పైపుకు తగిలి కరిగి నల్లగా అంటుకుపోతుంది. దానికి ఉస్తాద్ మందు వేడే. పైపును గోరువెచ్చగా చేసి, మెత్తబడ్డ ప్లాస్టిక్‌ను చెక్క పుల్లతో గీకేస్తాడు. స్క్రూడ్రైవర్ మాత్రం ముట్టనివ్వడు.

రెండు గంటలు దాటాక జానెడు నీలం నాలుగు వేళ్ల వెడల్పుకు తగ్గింది. ఇంజిన్ దగ్గరి వంపులో మాత్రం మబ్బుపట్టినట్టు సన్నటి నీడ మిగిలింది. "ఇంకొంచెం రుద్దు ఉస్తాద్" అన్నాడు కుర్రాడు. ఉస్తాద్ గుడ్డ పక్కన పెట్టేశాడు. క్రోమ్ పూత తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. దాని కింద నికెల్, నికెల్ కింద ఇనుము. అదేపనిగా రుద్దితే, మోటారుకు తగిలించిన బఫింగ్ చక్రానికి గట్టిగా ఆనిస్తే, క్రోమ్ పోయి పసుపు ఛాయలో నికెల్ బయటపడుతుంది. ఆపైన తుప్పు ఎంతో దూరం ఉండదు. "ఇది పైన పట్టిన మరక కాదు బేటా, లోపలికి కాలింది" అన్నాడు. అది కూడా పోవాలంటే పాత పూత తీయించి కొత్త క్రోమ్ ఎక్కించాలి.

ఆ పని ఈ గల్లీలో కాదు. ప్లేటింగ్ యూనిట్లకు పంపాలి. క్రోమ్ ద్రావణంలో వాడే ఒక రకం క్రోమియం క్యాన్సర్ కారకం. ఆ నీళ్లను శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే ఊరి నీళ్లే పాడవుతాయి. బఫింగ్ పట్టే కుర్రాళ్ల పరిస్థితీ అంతంతే. ముక్కుకు కట్టుకున్న దస్తీ సాయంత్రానికి బొగ్గు రంగులోకి మారుతుంది. మెరుపు వెనక ఉన్న ఈ మసి గురించి బండి ఓనర్లు అడగరు, గల్లీలో ఎవరూ చెప్పరు.

నల్ల పైపుల కాలం

ఉస్తాద్ దగ్గరికి ఇప్పుడు ఇలాంటి పైపులు తగ్గాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక బుల్లెట్‌లోనూ కార్బొరేటర్ పోయింది. పెట్రోలు ఎంత వెళ్లాలో కంప్యూటరే లెక్కకడుతుంది. చాలా బండ్లకు పైపులే నల్లగా వస్తున్నాయి. వాటికి నీలం కనిపించదు, రుద్దే పనీ లేదు. తమాషా ఏంటంటే, కొందరు కుర్రాళ్లు ఆ నీలాన్నే కోరి కొనుక్కుంటున్నారు. ఖరీదైన టైటానియం పైపుకు వేడితో వచ్చే ఇంద్రధనుస్సు వాళ్లకు గొప్ప. అది కొనలేనివాళ్లకు అలాంటి రంగు వేసిన మామూలు పైపులున్నాయి. ఒకరు వదిలించుకోవడానికి వచ్చే రంగును ఇంకొకరు తగిలించుకుని వెళ్తారు. ఇక చెవులు చిల్లులు పడే సైలెన్సర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పోలీసులు పట్టుకుని రోడ్డు రోలరు కింద వేయించిన దృశ్యాలు అందరూ చూసినవే. అలాంటి పని అడిగితే ఉస్తాద్ పక్క గల్లీ చూపిస్తాడు.

పొద్దు వాలుతుండగా బుల్లెట్‌కు పైపు బిగించారు. కుర్రాడి ఫోన్ రెండుసార్లు మోగింది. కొనేవాడే. రెండుసార్లూ ఎత్తలేదు. వంపులో మిగిలిన నీడను బొటనవేలితో తడిమి చూస్తుంటే ఉస్తాద్ కసిరాడు. వేలి జిడ్డు పైపు మీద ఉండగా ఇంజిన్ వేడెక్కితే ఆ ముద్ర అలాగే కాలి పసుపు మరకై కూర్చుంటుందట. శుభ్రమైన గుడ్డ విసిరి, మొత్తం తుడిచాకే స్టార్టు చేయమన్నాడు.

కుర్రాడు చివరి నుంచి చివరి దాకా తుడిచాడు. డీకంప్రెసర్ నొక్కి, యాంపియర్ మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్ రాడ్డును మెల్లగా దించాడు. వాళ్ల నాయిన నేర్పిన పద్ధతే కాబోలు, ఉస్తాద్ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. రెండో కిక్కుకు బండి అందుకుంది. "వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక ఒకసారి ప్లగ్గు విప్పి చూపెట్టు" అన్నాడు ఉస్తాద్. అమ్మే బండికి వెయ్యి కిలోమీటర్లు ఎవరు తిరుగుతారని కుర్రాడు అడగలేదు. సరేనని తలూపి రంగమహల్ వైపు మలుపు తిప్పాడు.